మా బడిలో పాటల గది: ప్రాజెక్టు డైరీ

జూన్, బడి తెరిచిన వారం

మా ప్రాథమిక పాఠశాలలో ఉత్తరం చివరి గది ఏళ్ళుగా సామాన్ల కొట్టుగా ఉండిపోయింది. విరిగిన బల్లలు, పాత ఇనప బీరువా, అట్టపెట్టెలు. దాన్ని ఖాళీ చేసి పాటల గదిగా మార్చుకుంటామని హెడ్‌మాస్టర్ గారిని అడిగాను. పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశంలో పెట్టమన్నారు. పెట్టాం, తల్లిదండ్రులు ఒప్పుకున్నారు.

మాది విజయనగరం జిల్లాలో బొబ్బిలి వైపు పల్లె. 1919లో మహారాజావారు సంగీత కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసు గారికి ప్రిన్సిపాల్ పదవి అప్పగించిన జిల్లా ఇది. తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఆ కుర్చీలో కూర్చున్నారు. ఇటు బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి ఏకాండి వీణలు చేస్తారు. ఇంత సంపద చుట్టూ ఉన్నా మా ఐదో తరగతి పిల్లల్లో వీణను చేత్తో తాకినవాళ్ళు ఒక్కరూ లేరు. నాకు ఈ గది మీద పట్టుదల రావడానికి కారణం అదే. ఏడాదికోసారి వేదిక మీద ఎక్కడానికి పది మందిని ఏరుకుని తర్ఫీదు ఇచ్చే గది కాదు నేను కోరుకునేది. బడిలో ఉన్న ప్రతి బిడ్డకీ వారంలో ఒక గంటైనా శ్రద్ధగా వినే చోటు, వాయిద్యం తన చేతికి అందే చోటు కావాలి.

సామాన్లు తీసేశాక గది 20 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు తేలింది. రెండు కిటికీలు, ఒక తలుపు, పైన స్లాబు.

జూలై మొదటి వారం

ముందు ఏం కొనాలా అని అందరూ అడుగుతున్నారు. నేను ఏమీ కొనకుండా గది మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టి విన్నాను. ఖాళీ గోడలు, సిమెంటు నేల, స్లాబు. ఒక్క చప్పట్లకి గోడల మధ్య గలగలమంటూ మారుమోత. ఇలాంటి గదిలో ముప్పై మంది పిల్లలు పాడితే ఎవరి గొంతు వాళ్ళకే తెలియదు. తెలియనప్పుడు ఇంకా గట్టిగా అరుస్తారు. పిల్లలు అపస్వరం పాడుతున్నారని మనం అనుకునే చోట సగం తప్పు గదిదే.

కోడిగుడ్ల అట్టలు అంటిస్తే చాలని చాలామంది చెబుతారు. అవి పలచన. పై స్థాయి చప్పుడును కొంచెం తగ్గిస్తాయేమో గానీ మృదంగం గుంకారాన్ని, పిల్లల గొంతులోని మధ్య స్థాయిని పట్టుకోలేవు. పైగా ఎండిన అట్టకు నిప్పు తగిలితే అంతే. మేం కొబ్బరి పీచు మెత్తలు చేయించాం. గోనెసంచుల్లో పీచు కూరి, నాలుగంగుళాల మందం వచ్చేలా కుట్టి, పైన తల్లులు ఇచ్చిన పాత నూలు చీరలు తొడిగాం. గడ్డి పెడదామని ఒకాయన అన్నారు గానీ గడ్డి పెడితే ఎలుకలకు కాపురం పెట్టినట్టే. మెత్తలను గోడకు ఆనించకుండా రెండంగుళాల బద్దల మీద నిలబెట్టాం. వెనక ఆ కాస్త గాలి ఉంటే మెత్త ఇంకొంచెం కింది స్థాయి శబ్దాన్ని కూడా మింగుతుంది. ఎదురెదురు గోడల్లో ఒక్కదానికే వేశాం. రెండింటికీ వేస్తే గది మరీ చచ్చుగా అయిపోయి పాడేవాళ్ళకు ఉత్సాహం పోతుంది.

నేలకు కొబ్బరి పీచు చాపలు. మళ్ళీ చప్పట్లు కొట్టి చూశాం, ఆ గలగల పోయింది.

ఆ తర్వాత వచ్చింది ఫ్యాన్ల సంగతి. ఒక ఫ్యాను ఊగుతూ టకటకమంటోంది, పాత ట్యూబ్‌లైట్ చోకు జుమ్మని మోగుతోంది. మామూలు తరగతిలో ఎవరూ పట్టించుకోరు. పాటకు ఆధార స్వరం మోగించే శ్రుతి పెట్టె పక్కన మాత్రం ఆ జుమ్మనేది ఇంకో శ్రుతిలా చెవిలో దూరుతుంది. ట్యూబ్‌లైట్లు తీయించి ఎల్‌ఈడీ పట్టీలు వేయించాం, ఫ్యాన్ బేరింగులు మార్పించాం. మొత్తం ప్రాజెక్టులో అతి తక్కువ ఖర్చుతో అతి ఎక్కువ లాభం వచ్చిన పని ఇదేనని నా నమ్మకం.

జూలై చివర

డబ్బు లెక్క. వంద దాటి రెండొందల యాభై లోపు పిల్లలున్న బడికి సమగ్ర శిక్ష పథకం నుంచి ఏటా వచ్చే గ్రాంటు 50,000 రూపాయలు. అందులో కనీసం పదో వంతు పారిశుధ్యానికి పోవాలి. కరెంటు బిల్లు, సుద్దముక్కలు, రిజిస్టర్లు, చిన్న చిన్న మరమ్మతులు అన్నీ అందులోంచే. కాబట్టి వాయిద్యాలకు మిగిలేది కొంచెమే. మిగతాది ఊరి పూర్వ విద్యార్థులు సర్దారు. ఒకాయన డబ్బు ఇస్తానంటూనే కీబోర్డు కొనమన్నారు. ఒకటే కీబోర్డు కొంటే ఒకరు వాయిస్తారు, ఇరవై తొమ్మిది మంది చూస్తారు. ఆ మాటే చెబితే ఆయన కాదనలేదు.

మేం కొన్నవి: ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె ఒకటి, తాళాల జతలు పది, చిడతలు, కోలాటం కర్రలు బోలెడు, గజ్జెల పట్టీలు, మేక తోలు కంజీరలు, డోలక్కులు రెండు, నట్టు బోల్టు మృదంగం ఒకటి. కంజీరకు మేక తోలే అని గట్టిగా చెప్పి తీసుకోవాలి. పూర్వం ఉడుము తోలు వేసేవారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉడుము రక్షిత జంతువు కాబట్టి అలాంటిది బడిలో ఉండకూడదు. దుకాణంలో ‘ఇది అసలైన కంజీర’ అని పాతది చూపించబోతే వద్దన్నాం. ఈ సంగతి పిల్లలకూ చెప్పాం.

మృదంగం విషయంలో సంప్రదాయ వాదులు నామీద కోప్పడతారేమో. తోలు వార్లు బిగించిన మృదంగం నాదం గొప్పదే. కానీ బిగింపు తప్పితే దాన్ని సరిచేసేవారు మా ఊళ్ళో లేరు, పట్నానికి మోసుకెళ్ళాలి. నట్టు బోల్టు రకం స్పానరుతో నేనే బిగించుకోగలను. కుడి వైపు వలంతల మీద కరణి అనే నల్లని పూత, ఎడమ వైపు తొప్పికి బొంబాయి రవ్వ ముద్ద. రవ్వ తడిపి తొప్పి నడుమ పామగానే ‘ఠం’ అన్నది ‘ఢుం’ అయింది. రెండో తరగతి పిల్లలు ఆ మార్పు విని మళ్ళీ మళ్ళీ పామమన్నారు. వాయించడం అయ్యాక రవ్వను గీకి తీసేయాలి. లేకపోతే ఎండి తోలుకు అతుక్కుంటుంది, చీమలూ పడతాయి. ఆ గీకే పనికి వంతు కోసం పోటీ పడుతున్నారు.

ఆగస్టు

పద్యనాటకాలకు హార్మోనియం వాయించే ఒక తాతగారు తన పాత పెట్టె ఇచ్చారు. ‘పిల్లలు వాయిస్తే సాలమ్మా, అటక మీద ఉండి ఏటి సేస్తాది’ అన్నారు. పెట్టె పెద్దదే గానీ తిత్తికి ఎలుక కొరికిన బొక్క, నాలుగు మెట్లు మూగ. తిత్తికి మెత్తటి మేక తోలు ముక్క ఫెవికాల్‌తో అతికించి, రాత్రంతా బరువు పెట్టి ఉంచాం. మూగ మెట్ల కోసం మీది చెక్క మరలు విప్పి రీడ్ల పలకను బయటికి తీశాం.

ఒక్కో రీడు ఇత్తడి చట్రంలో కొట్టుకునే ఇత్తడి నాలుక. దాని కింద నూగంత చెత్త ఇరుక్కున్నా మాట రాదు. పలచటి పోస్టుకార్డు అంచును నాలుక కింద మెల్లిగా దూర్చి ఇవతలికి లాగితే చెత్త వచ్చేస్తుంది. నాలుగింటిలో మూడు ఇలా మాట్లాడాయి. నాలుగోది చిలుము మచ్చలు పడి ఇంకా బలహీనంగా ఉంది. దాన్ని గీకి బాగుచేద్దామనిపిస్తుంది కానీ చేయకూడదు. నాలుక కొసన గీకితే స్వరం పైకి పోతుంది, మొదట్లో గీకితే కిందికి దిగుతుంది. చేయి తిరిగినవాళ్ళు తప్ప అది ముట్టుకోకూడదు. బొబ్బిలి వెళ్ళినప్పుడు చూపించాలని పక్కన పెట్టాను.

ఐదో తరగతి పిల్లలు కొందరు రీడ్ల పలక చుట్టూ కూర్చుని, పెద్ద నాలుక కింది స్వరం, చిన్న నాలుక పై స్వరం అని వాళ్ళంతట వాళ్ళే కనిపెట్టారు. ఇదంతా విప్పి చూపించకుండా తెరచాటున బాగుచేసి తెచ్చి పెడితే ఆ మాట వాళ్ళ నోట వచ్చేది కాదు.

ఆగస్టు చివర: స్వరాల మెట్లు

గోడ మీద స్వరాల మెట్లు గీయించడం నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని. సాధారణంగా సరిగమపదని అని ఏడు సమానమైన మెట్లు గీస్తారు. చెవికి అది అబద్ధం. సంగీతంలో మొదటి పాఠాలైన సరళీ స్వరాలు పాడేది మాయామాళవగౌళ రాగంలో. అందులో రి, స పక్కనే ఉంటుంది, గ దూరంగా ఉంటుంది. కాబట్టి గోడ మీద 36 అంగుళాల ఎత్తు తీసుకుని, 12 స్వరస్థానాలకు ఒక్కోదానికి మూడంగుళాల చొప్పున సన్నని గీతలు గీయించాను. స సున్నా దగ్గర. రి మూడంగుళాలకు. గ పన్నెండుకు. మ పదిహేనుకు, ప ఇరవై ఒకటికి, ద ఇరవై నాలుగుకు, ని ముప్పై మూడుకు, పై స ముప్పై ఆరుకు. రంగు వేసే ఆయన ‘ఇదేటి టీచరమ్మా, మెట్లు వంకరగా ఉన్నాయి’ అని రెండోసారి అడిగి మరీ గీశారు.

గీశాక చూస్తే పిల్లలకు వెంటనే కనిపించినది: కింది నాలుగు మెట్లు ఎలా ఉన్నాయో పై నాలుగూ అలాగే ఉన్నాయి. స రి గ మ, ప ద ని స. రెండు గుంపుల్లోనూ చిన్న అడుగు, పెద్ద గెంతు, చిన్న అడుగు. మొదటి పాఠాలకు ఈ రాగాన్నే పురందరదాసు ఎంచారని సంప్రదాయం చెబుతుంది. ఈ బొమ్మ చూశాక ఎందుకో పిల్లలకు వివరించనక్కరలేదు. రి పాడేటప్పుడు ఒకరి చేయి గోడ మీద మూడంగుళాలే కదులుతుంది. గొంతు ఎక్కువ ఎగబాకితే ఆ చేయే సరిచేస్తుంది.

నేల మీద ఎనిమిది చుక్కల వలయం. ఆది తాళం అడుగులతో నడవడానికి. మొదటి నాలుగు చుక్కలు ఎరుపు: దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు. తర్వాత రెండు పసుపు: దెబ్బ, విసురు. ఇంకో రెండు ఆకుపచ్చ: దెబ్బ, విసురు. ఒకటో తరగతి వాళ్ళకు వేళ్ళు లెక్కపెట్టడం కన్నా కాళ్ళతో నడవడం సులువు. మూడో తరగతికి వచ్చేసరికి కాళ్ళు ఆగి చేయి మొదలవుతుంది.

సెప్టెంబరు

వాయిద్యాలు పెట్టడానికి తలుపులున్న బీరువా వద్దన్నాను. తాళం వేసి పెట్టిన వాయిద్యానికి పిల్లలు చేయి చాచరు. ఊళ్ళో వెల్డింగ్ షాపులో ఇనప కోణాలతో మూడు అరల ర్యాకులు చేయించాం, పై అర నాలుగడుగులు దాటకుండా. ఒక్కో అరలో ఆ వాయిద్యం ఆకారమే పెయింటుతో గీసి ఉంటుంది. తాళం జత గుండ్రంగా, చిడతలు పొడుగ్గా, కంజీర పక్కన గజ్జె బిళ్ళలతో. పీరియడ్ అయ్యాక ఖాళీగా కనిపించే బొమ్మ ఏదో, ఏ వస్తువు రాలేదో ఎవరినీ అడగకుండానే తెలుస్తుంది. చదవడం రాని చిన్నవాళ్ళూ సర్దగలరు. మృదంగాన్ని, డోలక్కులను మాత్రం నేల మీద చుట్టకుదుర్లలో పడుకోబెడతాం. నీళ్ళ బిందెలకు అమ్మలు పెట్టే చుట్టకుదుర్లే, గుడ్డతో కట్టినవి.

కిటికీ పక్కన ఏ వాయిద్యమూ లేదు. ఎండ పడితే తోలు బిగుసుకుంటుంది, వీణ మీద మెట్లు నిలిపే మైనం మెత్తబడుతుంది. వీణ ఇంకా కొనలేదు, దానికి వేరే లెక్క. చోటు మాత్రం లోపలి మూలలో ఉంచాం.

ఒక సంగతి రాయాలి. గదిలో తోలు వాయిద్యాలు ఒకేసారి ఐదుకు మించి మోగకూడదని నియమం. మిగతా పిల్లలు అవే దెబ్బలు తొడల మీద వేస్తారు. ఇరవై డోలక్కులు మూసిన గదిలో మోగితే లేత చెవులకు హాని. డప్పు ఎప్పుడూ బయట వేపచెట్టు కిందే. గదిలో దాని దెబ్బకు ఏ మెత్తా ఆగదు.

డప్పు గురించి ఇంకొంచెం. ఎండుగడ్డి మంట మీద కాచి తోలు బిగించడం, కుడి చేతిలో సిర్ర అనే లావు కర్ర, ఎడమ చేతిలో సన్నని సిటికెన పుల్ల పట్టడం నేర్పడానికి పక్క ఊరి కళాకారుడిని పిలిపించాం. ఒక తండ్రి బడికి వచ్చి ‘మా బాబుకి డప్పు వద్దండి, ఆ మృదంగం నేర్పండి’ అన్నారు. కారణం ఆయన చెప్పలేదు, చెప్పనక్కరలేకుండానే ఇద్దరికీ తెలుసు. కూర్చోబెట్టి మాట్లాడాను. ఈ గదిలో ఏ వాయిద్యమూ ఏ ఇంటిదీ కాదు, ఒక్కో బిడ్డా అన్నీ వాయిస్తాడు, వంతుల పట్టిక గోడ మీద ఉంది, మీ అబ్బాయికి వచ్చే వారం మృదంగం, ఈ వారం డప్పు అన్నాను. ఆయన సంతోషంగా ఏమీ వెళ్ళలేదు. అబ్బాయి మాత్రం వేపచెట్టు కిందికి వెళ్ళాడు. ఈ విషయంలో నేను ఒక్క అంగుళం కూడా తగ్గను.

అక్టోబరు

వానలు. రోజంతా ముసురు. కంజీర తోలు సడలి పలకడం మానేసింది. మామూలుగా కంజీరకు లోపలి వైపు కొంచెం తడి చేసి గుంకారం తెప్పిస్తారు. ఇప్పుడు గాలే ఆ పని అవసరానికి మించి చేసింది. మధ్యాహ్న భోజనం వండే పొయ్యి వేడికి దూరంగా, వెచ్చటి వంటగది గోడ దగ్గర ఒక గంట ఉంచితే తిరిగి పలికింది. ర్యాకుల కింద ఇటుకలు పెట్టి నేల తడికి అందకుండా ఎత్తాం. కర్ర వస్తువుల మధ్య వేపాకు. చెదలు గోడ కింది మూలన మట్టి గీత కట్టగానే పట్టుకోగలిగాం, మెత్తల వెనక ఖాళీ ఉండడం ఇక్కడ పనికొచ్చింది.

ఇదే నెలలో శ్రుతి తేలింది. శ్రుతి పెట్టెను ఐదో శ్రుతి మీద పెట్టి పాడిస్తే ఒకటి, రెండు తరగతుల వాళ్ళు కింది స దగ్గర పాడటం మాని మాట్లాడినట్టు అంటున్నారు. అంత కిందికి వాళ్ళ గొంతు దిగదు. ఆరుకు పెంచాం. మొదటి సారి గదంతా ఒక్క స వినబడింది. పెద్దవాళ్ళం మన గొంతుకు అనువైన శ్రుతిలో పాడి పిల్లల్ని వెంట రమ్మంటాం. వాళ్ళు రాలేకపోతే రాగం లేదంటాం. ఆరు శ్రుతిలో నాకు పై స్వరాలు కష్టమే, అక్కడ హార్మోనియం పట్టుకుంటాను.

నవంబరు

తప్పెటగుళ్ళ బృందంలో ఒకప్పుడు ఆడిన పెద్దాయన బడికి వచ్చారు. రొమ్ముకు కట్టుకునే తప్పెట, కాళ్ళకు గజ్జెలు తెచ్చుకున్నారు. పిల్లలు ‘తాతా, నోటితో చెప్పు’ అంటే ‘నోటికేటి ఒస్తాది బావూ, కాలు ఎయ్యాల’ అని లేచి నిలబడ్డారు. వయసు మీద పడినా నాలుగు అడుగులు వేసి, గుండె మీది తప్పెటను రెండు చేతులా వాయిస్తూ గిరుక్కున తిరిగితే పిల్లలంతా నోరు తెరిచారు. కాలి గజ్జె, చేతి దెబ్బ ఒకే చోట పడటం వాళ్ళు గమనించేలా ఎనిమిది చుక్కల వలయం మీదే ఆయన్ని అడుగులు వేయమన్నాం. ఆయన నడక ఎనిమిదిలో ఇమిడేదే గానీ ఒత్తు పడే చోటు వేరు. ఆ తేడాను ఒక నాలుగో తరగతి అమ్మాయి పట్టుకుని, మొదటి ఎరుపు చుక్క మీద కాదు, దాని తర్వాత చుక్క మీద గట్టిగా వేస్తున్నారు టీచర్ అంది. ఆయన అనుమతితో ఫోన్లో రికార్డు చేశాం. గదిలో ఒక పాత ఫోను ఇందుకే ఉంచాం, మా చుట్టుపక్కల పాటలు దాచడానికి. నాట్ల పాటలు, జోలపాటలు ఇంట్లో అమ్మమ్మల దగ్గర రికార్డు చేసి తెమ్మని పెద్ద పిల్లలకు పని ఇచ్చాను.

డిసెంబరు

ఊడదీయగలిగే లోహపు బద్దల వాయిద్యం ఒకటి వచ్చింది, విదేశాల బడుల్లో వాడే రకం. జర్మన్ సంగీతకారుడు కార్ల్ ఓర్ఫ్ పిల్లల కోసం ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలోది. ఎనిమిది బద్దలు శంకరాభరణ రాగం స్వరాలు. అందులోంచి మ, ని బద్దలు తీసి పక్కన పెడితే మిగిలేది మోహన రాగం. ఇక ఏ బిడ్డ ఏ బద్ద కొట్టినా, ఎంతమంది ఒకేసారి కొట్టినా చెవికి కటువుగా ఉండదు. భయపడే పిల్లలకు మొదటి వాయిద్యంగా దీన్నే ఇస్తున్నాం.

దీన్ని చూసి నాలుగో తరగతి వాళ్ళు పింగాణీ గిన్నెలతో జలతరంగం చేశారు. గిన్నెలో నీళ్ళు పోసే కొద్దీ స్వరం దిగుతుంది. అదే సీసా మూతి దగ్గర ఊదితే నీళ్ళు పోసే కొద్దీ స్వరం ఎక్కుతుంది. రెండూ పక్కపక్కన చేసి చూపించేసరికి ఎందుకలా అని గోల. గిన్నెలో కదిలేది గిన్నె గోడ, నీరు దానికి బరువు. సీసాలో కదిలేది గాలి, నీరు పెరిగితే గాలికి చోటు తగ్గుతుంది. పర్యావరణ విజ్ఞానం పీరియడ్ అక్కడే గడిచిపోయింది.

వినికిడి తక్కువున్న ఒక బాబు మా బడిలో ఉన్నాడు. మృదంగం వాయించేటప్పుడు వాడు తొప్పి వైపు చెక్క మీద అరచేయి ఆనించి కూర్చుంటాడు. తాళం తప్పడు. మెత్తలు వేశాక గదిలో మాట స్పష్టంగా వినబడుతోందని వాళ్ళమ్మ చెప్పింది, మిగతా తరగతి గదుల్లోనూ వేయించమని అడిగింది. ఆ విన్నపం కమిటీ ముందు పెట్టాను.

జనవరి, సంక్రాంతి ముందు

మిగిలిన పనులు. చిలుము పట్టిన రీడు ఇంకా మారలేదు. తూర్పు కిటికీకి మెష్ వేయించాలి, పిచ్చుకలు ర్యాకు మీద గూడు కడుతున్నాయి. గజ్జెల పట్టీల తోలు గట్టిపడుతోంది, కొబ్బరి నూనె పట్టించాలి. వీణ కోసం దాచిన డబ్బు సగం దాటింది. సెలవులు అయ్యాక ఐదో తరగతి వాళ్ళను గొల్లపల్లి తీసుకెళ్ళి దుంగ తొలిచే దశ నుంచి 24 మెట్లను మైనంలో నిలిపే దశ వరకూ చూపించి, మా వీణకు బయానా అక్కడే వాళ్ళ చేతుల మీదుగా ఇప్పిస్తాం. బస్సు ఖర్చు కమిటీ ఒప్పుకుంది, తల్లిదండ్రుల సంతకాలు సగం వచ్చాయి.